కారవాన్ ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా

దుబాయ్‌లో చల్లదనం అమ్ముకుని బతికినవాణ్ణి నేను. మా ఊళ్ళో అబుదాబి అన్నా, షార్జా అన్నా, అల్ ఐన్ అన్నా అంతా దుబాయే కాబట్టి నేనూ అలాగే అంటాను. నిజానికి నా సర్వీసంతా అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, గ్యారేజీల మధ్య ఒక రేకుల షెడ్డులో గడిచింది. ఇళ్ళ ఏసీలు, మందుల షాపుల ఫ్రిజ్‌లు, చేపల లారీల కూలింగ్ పెట్టెలు అన్నీ బాగుచేశాను. ఇప్పుడు రాయచోటిలో ఇంటి వరండాలో కూర్చుని ఫ్యాన్ గాలికి కునుకు తీస్తుంటాను. మా ఇంట్లో ఏసీ లేదు. ఆ చప్పుడు వింటే డ్యూటీ గుర్తొస్తుందని చెప్తే అందరూ నవ్వుతారు.

ఏసీ పని నేర్చుకుని గల్ఫ్‌కు పోదామనుకునే పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "మీరు చేసిన పెద్ద పని ఏది?" అని అడుగుతుంటారు. పెద్ద టవరో, పెద్ద షాపింగ్ మాలో చెప్తానని వాళ్ళ ఆశ. అటువంటివి చాలా చేశాను, ఒక్కటీ గుర్తులేదు. నాకు గుర్తున్నది నడుమెత్తు ఫ్రిజ్ ఒకటి. అది ఇంట్లోది కూడా కాదు, ఎడారిలో నిలబెట్టిన ఒక చక్రాల బండిలోది.

కరోనా భయం తగ్గి జనం మళ్ళీ బయట తిరగడం మొదలుపెట్టిన రోజులవి. అక్కడివాళ్ళకు చలికాలం వస్తే ఎడారిలో డేరాలు వేసుకుని ఉండటం ఒక ముచ్చట. డబ్బున్నవాళ్ళు డేరాతోపాటు కారవాన్ కూడా తెచ్చుకుంటారు. అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లన్నమాట. పడకలు, వంట పొయ్యి, బాత్రూము, ఫ్రిజ్, అన్నీ అందులోనే ఉంటాయి. అల్ ఐన్ రోడ్డు పక్కన, లోపలికి పోతే ఇసుక దిబ్బల మధ్య, ఒక కుటుంబం అలాంటిదొకటి నిలబెట్టుకుంది. ఆ ఇంటి పెద్దావిడ, అందరూ మామా అని పిలిచే ముసలామె, చలికాలమంతా అక్కడే ఉంటుంది. కొడుకూ కోడలూ సెలవు రోజుల్లో వచ్చి పోతుంటారు. మిగతా రోజుల్లో ఆమెకు తోడు ఇద్దరే: ఒక పఠాన్ డ్రైవరు, ఒక పనిమనిషి.

ఆ కారవాన్‌లో ఫ్రిజ్ చల్లబడటం లేదని ఫిర్యాదు. మామాకు షుగరు. ఇన్సులిన్‌ను ఐసు పెట్టెలో పెట్టి, డ్రైవరు రోజూ పెట్రోలు బంకు దాకా పోయి ఐసు తెస్తున్నాడట. అప్పటికే వేరే గ్యారేజీల వాళ్ళు చూసి పోయారు. ఎవడొచ్చినా ఒకటే మాట, గ్యాసు ఎక్కించాలని. మా ఫోర్‌మన్ కేరళవాడు, నాకంటే ముందే దేశం కాని దేశంలో ముసలివాడైపోయినవాడు. అతనూ అదే అన్నాడు. "సిలిండర్ తీసుకుపో భాయ్, గ్యాస్ నింపు, ఖలాస్" అని సంతకం పెట్టించుకుని పంపాడు.

పిల్లలూ, ఒక్క నిమిషం పాఠం చెప్తాను, ఓపిక పట్టండి. ఇటువంటి బండి ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. వెనక చిన్న మంటో హీటరో ఉంటుంది, ఆ వేడితోనే లోపల చల్లబడుతుంది. వేడి పెడితే చల్లబడటమేమిటని మీకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. దానికి గ్యాసు ఎక్కించేదీ లేదు, దించేదీ లేదు. ఏటవాలుగా కాక సమంగా నిలబెట్టాలి, వీపుకు గాలి తగలాలి. అంతకుమించి అది ఏమీ అడగదు.

వెళ్ళి చూస్తే బండి చక్రం ఒకటి ఇసుకలో దిగబడి ఒరిగి ఉంది. ఫ్రిజ్ ఉన్న పక్క పడమటి ఎండకు మాడుతోంది. వెనక గాలి పోవడానికి పెట్టిన జాలీలకు డ్రైవరు వెండి టేపు నిలువునా అంటించేశాడు, ఇసుక పోకుండా. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆ దేశంలో కంత కనబడితే చాలు మూసేయాలని చెయ్యి దానంతటదే లేస్తుంది. నేను టేపు పీకుతుంటే, "ఉస్తాద్, రేత్ ఆయేగా!" అని నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. ఇసుక వస్తే వచ్చింది, ముందు దానికి ఊపిరాడనివ్వు అని నాలో నేను తెలుగులో గొణుక్కున్నాను.

"తెలుగోరాండీ?" అని వెనకనుంచి వినబడింది.

పనిమనిషి పాలు లేని సులేమానీ టీ పట్టుకుని నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, నల్లని పొడవాటి గౌను, తలకు గుడ్డ. మాది రాయచోటి అంటే, వాళ్ళది కోనసీమ అంది. తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో, టీ గ్లాసు నా చేతికివ్వడం కూడా మరిచిపోయింది. డ్రైవరు బండి కింద పెట్టే చెక్క పలకలు తేవడానికి అటు పోగానే గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారండీ, ఈ ఫ్రిజ్జి బాగవుద్దంటారా? ఒట్టిమాట కాదు, నిజం చెప్పండి."

"బాగయితాదిలే మ్మా. ముసలామె మందుకేనా?"

"మామా మందుకు ఐసు పెట్టె ఉందండీ. నాది అందులో ఎట్టుకోలేను కదండీ" అని ఫ్రిజ్ తెరిచి, కింది అరలో వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఒక ఆవకాయ సీసా తీసింది. మూతకు ఎర్రగా నూనె మరక, లోపల పాత గుడ్డ. గుడ్డ విప్పితే చిన్న చిన్న ఇన్సులిన్ సీసాలు. ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకుంటుందట. ఆ ఇంట్లో ఎవరూ ఆవకాయ ముట్టరు, వాసనకే ముక్కు మూసుకుంటారు కాబట్టి అందులో దాచింది.

"ఇంట్లో చెప్పల్యా నువ్వు?"

"చెప్తే పంపించేత్తారండి. రోగం మనిషిని ఎవరెట్టుకుంటారు? మా అమ్మాయి నర్సింగు చదువుతాందండీ, అది పూర్తయ్యేదాకా ఎలాగోలా గట్టెక్కాలి. మీరెవరితోనూ అనకండి. ఒట్టెయ్యండి."

"మరి ముసలామెకూ షుగరేగదమ్మా!"

"ఆవిడ మామా అండీ" అంది, అంతకంటే చెప్పేదేముంది అన్నట్టు. ఆ మామాకు పూటపూటా సూది వేసేది కూడా ఈవిడేనని అప్పుడే తెలిసింది. యజమానికి షుగరుంటే దాని పేరు జబ్బు. పనిమనిషికుంటే అది సరుకులో లోపం. ఈ సంగతి నాకు తెలియనిదేం కాదు. నేను కూడా మోకాళ్ళ నొప్పుల సంగతి మా ఫోర్‌మన్‌కు చెప్పకుండా నెట్టుకొస్తున్నవాణ్ణే.

ఒట్టేశాను. ఇంకొకటి కూడా చేశాను. ఆ ఫ్రిజ్‌లో వెనక గోడకు అల్యూమినియం రేకులుంటాయి, చల్లదనం పుట్టేది వాటి దగ్గరే. "ఇప్పటికి ఇందులో అంతో ఇంతో చల్లగా ఉండేది ఈ మూలే. సీసాను రేకులకు ఆనించి పెట్టు. కదిలించొద్దు" అని చెప్పాను. ఆ రోజుకు అది సరైన సలహా. గోరువెచ్చగా ఉన్న ఆ ఫ్రిజ్‌లో ఇంకెక్కడ పెట్టినా మందు పాడయ్యేదే.

తర్వాత ఆ ఫ్రిజ్ మీద పంతం పట్టాను. కస్టమరు కోసమైతే అంత చేసేవాణ్ణి కాదు, దాచేదేముంది. పలకలు పెట్టి బండిని సమం చేశాం. జాలీలకు ఇసుక ఆగే సన్నని వల బిగించాను. ఫ్రిజ్ వీపుకూ బండి గోడకూ మధ్య ఖాళీ ఎక్కువుంటే గాలి పక్కనుంచి జారిపోతుంది. అందుకని అక్కడ రేకు కోసి అడ్డం పెట్టి, గాలంతా పైపుల మీదుగానే పైకి పోయేలా చేశాను. పై జాలీ దగ్గర కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాన్లు రెండు అమర్చాను. తలుపు రబ్బరు మార్చాను. పడమటి పక్కన గుడ్డ పందిరి వేయించాను. మా ఫోర్‌మన్ లెక్క చూసి, "ఫ్రిజ్ రిపేరుకు పోయావా, ఫ్రిజ్‌కు ఇల్లు కట్టడానికి పోయావా?" అన్నాడు.

చల్లబడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా నీళ్ళ సీసాకు చెమట పట్టింది. మామా సంతోషించి నాకు ఖర్జూరాలు, మజ్జిగ పంపింది. ఆమె ఇన్సులిన్ పెట్టె ఐసులోంచి బయటపడి ఫ్రిజ్ తలుపు అరలోకి, అందరికీ కనబడే చోటికి, దర్జాగా వచ్చి కూర్చుంది. రోజూ ఐసు తెచ్చే బాధ తప్పినందుకు డ్రైవరు నన్ను కౌగిలించుకున్నాడు. కోనసీమ చెల్లెలు మాత్రం దూరంనుంచి కళ్ళతోనే దండం పెట్టింది. నాకు అదే చాలనిపించింది.

ఆ తర్వాత చలి ముదిరింది. అప్పుడొక రోజు డ్రైవరు పెట్రోలు బంకు దగ్గరనుంచి ఫోన్ చేశాడు.

"ఉస్తాద్, కమాల్ కర్ దియా! పానీ బరఫ్ బన్ గయా!" అని ఒకటే నవ్వు. నీళ్ళ సీసాలు రాళ్ళలా గడ్డకట్టాయట. టమాటాలు గోలీల్లా అయ్యాయట. ఇంత గొప్ప ఫ్రిజ్ అల్ ఐన్ మొత్తంలో లేదట.

సర్వీసులో నాకు తిట్ల ఫోన్లు లెక్కలేనన్ని వచ్చాయి, పొగిడే ఫోన్ రావడం అరుదు. వచ్చిన ఆ ఒక్కటీ వినగానే నాకు గుర్తొచ్చింది ఆవకాయ సీసా. మందుల షాపు ఫ్రిజ్‌లు చేసేటప్పుడు ఫార్మసీ వాళ్ళు నన్ను నిలబెట్టి చెప్పిన మాట ఒకటుంది: ఇన్సులిన్ వేడెక్కితే మెల్లగా పాడవుతుంది, గడ్డకడితే ఒక్క దెబ్బకు పోతుంది. కరిగాక మళ్ళీ నీళ్ళలా బాగానే కనబడొచ్చు, కానీ దాన్ని నమ్మడానికి లేదు. సీసాను రేకులకు ఆనించి పెట్టమన్నది నేను. కదిలించొద్దన్నదీ నేనే.

"నాబ్ ఎంతలో పెట్టినావు?" అని అడిగాను.

"ఫుల్! టేప్ భీ లగా దియా" అన్నాడు గర్వంగా. ఎవరూ తిప్పకుండా చివరికి తిప్పి టేపు అంటించాడట. ఆ దేశంలో ఏసీకైనా ఫ్రిజ్‌కైనా నాబ్‌కు ఉన్నది ఒకటే చోటు, చిట్టచివర. వెంటనే సగానికి తగ్గించమన్నాను. అలాగే అన్నాడు గానీ, తగ్గిస్తాడన్న నమ్మకం నాకు లేదు. ఆమెకు చెప్పమందామా అంటే ఏమని చెప్పమనాలి? పచ్చడి సీసా జరపమని డ్రైవరు చేత కబురు పంపితే గుట్టు రట్టవుతుంది. ఆమె దగ్గర ఫోనుంది గానీ ఆ దిబ్బల మధ్య సిగ్నల్ దొరకదు.

పోతానంటే ఫోర్‌మన్ కదలనివ్వలేదు. "కస్టమర్ ఖుష్ హై, తుమ్‌కో క్యా తక్లీఫ్?" అన్నాడు. కస్టమరు సంతోషంగా ఉంటే నాకేం నొప్పి అని. న్యాయమైన మాటే. వారపు సెలవు దాకా ఆగి, అల్ ఐన్ తోటలకు పోయే ఒక పికప్‌లో ఎక్కి, రోడ్డు మీద దిగి, ముందే రమ్మని చెప్పిన డ్రైవరు కారులో వెళ్ళాను. పోయేసరికి పొద్దెక్కింది. ఈసారి కొడుకూ కోడలూ రాలేదు, మామా ఒక్కతే డేరాలో ఉంది.

బండి దగ్గర కోనసీమ చెల్లెల్ని చూసి పోల్చుకోలేకపోయాను. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి, గౌను భుజాల మీదనుంచి జారుతోంది, చేతిలో నీళ్ళ సీసా ఉంది. "దాహం తీరతాలేదండీ, పనెక్కువై నీరసం" అని ఆమే చెప్పింది. నేను ఫ్రిజ్ తెరిచాను. వెనక రేకులు మంచుతో తెల్లగా ఉన్నాయి. ఆవకాయ సీసా వాటికి అతుక్కుపోయింది, పీకితే పెళుక్కుమంది. లోపలి చిన్న సీసాల్లో మందు గడ్డకట్టి ఉంది. ఒకటి నిలువునా చిట్లింది.

"ఇవే పొడుచుకుంటాండావా?"

"అరచేతిలో ఎట్టుకుని కరిగించుకుంటన్నానండి. చల్లగా ఉంటే మంచిదే కదండీ. మీరే కదా అక్కడ ఎట్టమన్నారు."

ఆ మాటలో నింద లేదు. అందుకే ఎక్కువ తగిలింది. తలుపు అరలో థర్మామీటరు పెట్టి చూశాను. అక్కడ మందుకు కావలసినంత చల్లదనమే ఉంది. మామా ఇన్సులిన్ పెట్టె శుభ్రంగా ఉంది. ఫ్రిజ్ ఒకటే, జబ్బు ఒకటే. బాహాటంగా పెట్టుకున్నది బాగుంది, దాచుకున్నది పాడైంది.

"ఇది విషం కాదుగానీ, మందు కూడా కాదింక. అన్నీ పారెయ్ తల్లీ. చేతికందేంత దూరంలో మంచి మందు పెట్టుకుని, ఒంట్లో బాగలేనప్పుడు ఆ ముసలామెను అడగాలనిపించల్యా నీకు?"

"అది మామాదండీ!" అని నన్ను దొంగను చూసినట్టు చూసింది.

అంతలో డేరాలోంచి మామా కేక వేసింది. భోజనం ముందు సూది వేసే వేళ. ఈవిడ తలుపు అరలోంచి మామా ఇన్సులిన్ పెన్ను తీసింది. దాని చివర తిప్పితే ఎంత మందు ఎక్కేదీ చిన్న అంకెల్లో కనబడుతుంది. తిప్పి, కళ్ళు చికిలించి, దూరం పెట్టి, దగ్గర పెట్టి, చివరికి నా ముందు పట్టింది.

"కాస్త అంకె చూసి చెప్పండన్నయ్యగారూ. నాలుగు రోజులబట్టి మసకగా అవుపడతాందండి."

"మరి నిన్న ఎవరు సూసినారు?"

"టిక్కు టిక్కుమంటాది కదండీ, వినుకుంటా లెక్కెట్టుకున్నాను."

షుగరు ముదిరి ఈవిడ కళ్ళు మసకబారుతున్నాయి. ఆ కళ్ళతో ఇంకో షుగరు మనిషికి చెవిలెక్కన సూది వేస్తోంది. ఒక్క టిక్కు తప్పితే సరే, పది తప్పితే ముసలామె ప్రాణం మీదికొస్తుంది.

"ఇంక నేను ఊరుకోను మ్మా. పోయి చెప్తా."

"ఒట్టేశారండీ!"

"నీ మందు గురించి ఒట్టేసినా. ఆమె ప్రాణం గురించి ఎయ్యల్యా."

ఆమె ఏడవలేదు. పెన్ను అలాగే పట్టుకుని, తలగుడ్డ సర్దుకుని, "మీరొద్దండి. నేనే చెప్తాను" అని మెట్లు దిగింది. నేను సంచీ పట్టుకుని వెనకే పోయి డేరా గుమ్మం దగ్గర ఆగాను.

మామా తివాచీ మీద కూర్చుని ఉంది. ఈవిడ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, పెన్నును ఆమె ఒడిలో పెట్టేసింది. ఇళ్ళల్లో పనిచేస్తూ నేర్చుకున్న అరబ్బీలో, ముక్కలు ముక్కలుగా, నా కళ్ళు కనబడటం లేదు, నేను సూది వేయలేను, నాకూ నీకున్న షుగరే ఉంది, ఎన్నో ఏళ్ళుగా ఉంది అని చెప్పింది. ఫ్రిజ్‌లో దాచిన సంగతి, అది గడ్డకట్టిన సంగతి కూడా చెప్పింది. నాకు అరబ్బీ అంతంతమాత్రమే. కానీ ఆ రోజు ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

ముసలామె ఒడిలోని పెన్నును పక్కన పెట్టింది. తర్వాత, "లేష్?" అంది. ఎందుకు దాచావని. "మజ్నూనా!", పిచ్చిదానా అని గట్టిగా కసిరి, ఆమె గడ్డం పట్టుకుని ఎండిన పెదాలను బొటనవేలితో తడిమి చూసింది. నన్ను దగ్గరికి పిలిచి పెన్ను మీద అంకె చదవమంది. చదివాను. తన సూది తనే వేసుకుని, డ్రైవరును కేకేసి, "యల్లా, ఆసుపత్రికి" అంది. కారులో పనిమనిషిని వెనక సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇసుకలో దుమ్ము లేపుకుంటూ కారు పోయింది. నేను బండిలోకి పోయి నాబ్ మీద టేపు పీకి సగానికి తిప్పి, డ్రైవరు తిరిగొచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను.

కథ అంతటితో సుఖాంతమైందనుకోకండి. కొడుకు మా షాపుకు ఫోన్ చేసి ఒంటికాలి మీద లేచాడు, ఇంట్లో విషయం బయటి మెకానిక్‌కు ముందు తెలియడమేమిటని. ఆమెను ఊరికి పంపించేస్తామని కూడా అన్నాడట. మా ఫోర్‌మన్ నన్ను పిలిచి, "ఫ్రిజ్ వెనక చూడమంటే ఇంటి లోపలికి చూశావు" అని తిట్టి, ఆ తర్వాత ఎందుకో తనే టీ తెప్పించాడు. ఆమె అక్కడే ఉన్నదో ఊరికి పోయిందో తెలియలేదు. డ్రైవరు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆమె కూతురి చదువు మధ్యలో ఆగిపోయుంటుందని, దానికి నేనే కారణమని అనుకుంటూ ఆ ఎండాకాలమంతా చేపల లారీల కింద పడుకుని పనిచేశాను. వయసు ఒక్క ఏడాదిలో ఒంట్లోకి దిగుతుందని అంటారే, నాకు ఆ ఏడాదే దిగింది. ఇంక చాలని రాజీనామా రాసిచ్చాను.

చలికాలం రాగానే ఆ కారవాన్‌నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఫ్రిజ్ సర్వీసు చేయాలట, పాత ముసలాయన్నే పంపమన్నారట. ఇంటికి పోయే ముందు అదే నా ఆఖరి పనులలో ఒకటి. దారిపొడవునా డ్రైవరును ఆమె సంగతి అడగడానికి నోరు రాలేదు. అతనూ చెప్పలేదు. బండి ఈసారి పలకల మీద సమంగా నిలబడి ఉంది, జాలీలకు టేపు లేదు.

లోపలికి పోయి అలవాటుగా ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో ఒకేరకం ఇన్సులిన్ పెట్టెలు రెండు, పక్కపక్కన ఉన్నాయి. ఎవరిది ఏదో తారుమారు కాకుండా, ఒకదాని మీద ఎర్రని బొట్టుబిళ్ళ అంటించి ఉంది.

నేను దాన్ని చూస్తుండగానే వెనక టీ గ్లాసు చప్పుడయింది. "పై అరలో సీసా ఉందండీ, తీసుకెళ్ళండి ఇంటికి. అమ్మాయి పంపింది. ఈసారి నిజంగా ఆవకాయేనండి" అంది.

థర్మామీటరు పెట్టి చూశాను. నాబ్ సగంలో ఉంది. నేను చేయవలసిన పనేమీ కనబడలేదు. తలుపు వేసి, టీ తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను.